విద్యుత్తు కారు – బాడుగ బతుకు

తిరుపతి నిద్ర ఎరుగని నగరం. తెల్లవారుజామున మూడు గంటలకు రైలు దిగిన యాత్రికునికైనా, అర్ధరాత్రి కొండ దిగి వచ్చిన కుటుంబానికైనా స్టేషను ఎదుటనో, బస్టాండు వాకిటనో ఒక బాడుగ కారు సిద్ధంగా ఉంటుంది. ఒకప్పుడు ఆ కారు స్టాండులో వరుసగా నిలబడి తన వంతు కోసం ఎదురుచూచేది. బేరం నోటిమాటతో కుదిరేది. నేడు ఆ బేరంలో చాలాభాగం చేతిలోని ఫోనులోనికి చేరింది. ఎక్కడో ఉన్న సంస్థ బాడుగను నిర్ణయిస్తుంది. ఎవరిని ఎక్కించుకోవాలో, ఎక్కడ దింపాలో తెరమీద చూపిస్తుంది. వచ్చిన సొమ్ములో తన వాటాను తాను తీసుకొంటుంది. ఇంధనం, బీమా, మరమ్మతు, బ్యాంకు కంతు మాత్రం కారు నడిపే వాని భారమే.

ఇటువంటి డ్రైవరు ముందు ఇప్పుడు ఒక కొత్త ప్రశ్న నిలిచింది. పెట్రోలు కారును విడిచి విద్యుత్తు కారును కొనవచ్చునా? పొగ లేని వాహనం ఊరికి మేలు చేస్తుందనడంలో వివాదం లేదు. ఊరికి మేలు చేసే వాహనం దానిని నడిపే కుటుంబానికి కూడా మేలు చేస్తుందా అన్నదే విచారింపదగిన విషయం. ఈ ప్రశ్నకు ఉత్సాహంతో జవాబు చెప్పేవారు కొందరు. అనుమానంతో పెదవి విరిచేవారు మరికొందరు. ఉత్సాహమూ అనుమానమూ రెండూ కంతు కట్టలేవు. కంతు కట్టేది లెక్క ఒక్కటే.

విద్యుత్తు వాహనం తిరుపతికి కొత్తది కాదు. నగరానికి ఆనుకొని ఉన్న కరకంబాడిలో 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా సంస్థ బ్యాటరీల తయారీకి దేశమంతటా పేరు పొందింది. దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉన్నది. 2022 సెప్టెంబరులో ఆర్.టి.సి. విద్యుత్తు బస్సులు అలిపిరి నుండి తిరుమల కొండ ఎక్కడం ప్రారంభించాయి. అంతవరకు కొండదారిలో బరువుగా మూలుగుతూ నల్లని పొగ విడిచే బస్సులను చూచిన యాత్రికులకు, చప్పుడు లేకుండా మలుపులు తిరిగే బస్సు వింతగా తోచింది.

కొండదారి విద్యుత్తు వాహనానికి కఠినమైన పరీక్ష అని చాలామంది భావిస్తారు. కొంతవరకు అది నిజమే. తిరుపతి కంటె తిరుమల సుమారు 700 మీటర్లు ఎత్తున ఉన్నది. ప్రయాణికులతో కలిపి రెండు టన్నులు తూగే కారును అంత ఎత్తుకు చేర్చడానికి, భౌతికశాస్త్రం ప్రకారం, నాలుగు యూనిట్లకు కొంచెం తక్కువ విద్యుత్తు కావాలి. దారి పొడవునా ఎదురయ్యే రాపిడికీ గాలి నిరోధానికీ అయ్యే ఖర్చు దీనికి అదనం. అయితే దిగేటప్పుడు కథ తారుమారవుతుంది. పెట్రోలు కారులో బ్రేకు తొక్కినప్పుడు శక్తి అంతా వేడిగా మారి వృథా అవుతుంది. విద్యుత్తు కారులో చక్రాలను తిప్పే మోటారే దిగుదలలో జనరేటరుగా మారి, కొంత శక్తిని తిరిగి బ్యాటరీలో నింపుతుంది. కొండ ఎక్కి దిగే బాడుగకు ఇది ప్రకృతి ఇచ్చే రాయితీ వంటిది. కనుక కొండను చూచి విద్యుత్తు కారు భయపడవలసిన పనిలేదు. దాని అసలు పరీక్ష మైదానంలోనే, డ్రైవరు ఇంటి వాకిటనే ఉన్నది.

ముందుగా ప్రభుత్వం కల్పించిన వెసులుబాట్లను పరిశీలించడం న్యాయం. 2018 అక్టోబరులో కేంద్రం బ్యాటరీతో నడిచే బాడుగ వాహనాలకు పర్మిట్టు అవసరం లేకుండా చేసింది. ఆకుపచ్చని పలకపై పసుపు అంకెలున్న వాహనాలు ఈ వర్గానికి చెందినవే. 2019 ఆగస్టులో విద్యుత్తు వాహనాలపై జి.ఎస్.టి.ని 12 శాతం నుండి 5 శాతానికి తగ్గించారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో మొదలైన ఫేమ్ రెండవ దశ కింద బాడుగకు తిరిగే విద్యుత్తు కార్లకు కొనుగోలు రాయితీ లభించింది. ఆ పథకం 2024 మార్చితో ముగిసింది. 2024 అక్టోబరులో దాని స్థానంలో వచ్చిన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకంలో ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు, బస్సులకు, లారీలకు చోటు దొరికింది గాని కార్లకు దొరకలేదు. పైగా 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్లపై జి.ఎస్.టి.ని 28 శాతం నుండి 18 శాతానికి తగ్గించారు. ఆ మేరకు పెట్రోలు కారు చౌక అయింది. విద్యుత్తు కారు పోటీ పడవలసిన దూరం పెరిగింది.

ఇక లెక్కలోనికి దిగాలి. ఒక డ్రైవరు రోజుకు 150 కిలోమీటర్ల చొప్పున నెలకు 26 రోజులు కారు తిప్పుతాడనుకొంటే నెలకు 3,900 కిలోమీటర్లు అవుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే పెట్రోలు కారుకు 260 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయల చొప్పున అది 28,600 రూపాయలు. యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు నడిచే విద్యుత్తు కారుకు 600 యూనిట్లు కావాలి. ఇంటివద్ద ప్రత్యేక మీటరు పెట్టించుకొని యూనిట్‌కు 7 రూపాయల చొప్పున చార్జింగు చేసుకొంటే ఖర్చు 4,200 రూపాయలు మాత్రమే. నెలకు మిగులు 24,400 రూపాయలు. విద్యుత్తు కారు ధర పెట్రోలు కారు కంటె 4 లక్షలు ఎక్కువనుకొని, ఆ అదనపు సొమ్మును 12 శాతం వడ్డీపై అయిదేళ్ల గడువుతో అప్పు తెస్తే నెలకు కంతు సుమారు 8,900 రూపాయలు పడుతుంది. అది పోగా ఇంకా 15,500 రూపాయలు చేతిలో మిగులుతాయి. ఒక మధ్యతరగతి ఇంటికి ఇది పిల్లల కళాశాల ఫీజుకు సరిపోయే సొమ్ము. ఇంజను ఆయిలు, క్లచ్చు వంటి ఖర్చులు లేకపోవడం మరొక లాభం. కారు ధర ఎక్కువ కనుక బీమా కొంత పెరుగుతుంది. ఆ రెండింటినీ ఒకదానికొకటి చెల్లు వేసుకోవచ్చు.

ఇంతటితో లెక్క ముగిస్తే విద్యుత్తు కారు కొనని వాడు అమాయకుడని తోస్తుంది. కాని అదే లెక్కలో రెండు అంకెలను మార్చి చూడాలి. గిరాకీ లేని మాసాలలో గాని, ఊళ్లోనే తిరిగే చిన్న బాడుగలతో గాని రోజుకు 60 కిలోమీటర్లే నడిచిందనుకొంటే నెలకు 1,560 కిలోమీటర్లు. పెట్రోలు ఖర్చు 11,440 రూపాయలు. ఇంటి చార్జింగు ఖర్చు 1,680 రూపాయలు. మిగులు 9,760 రూపాయలు. కంతు పోగా చేతికి వచ్చేది 860 రూపాయలు. ఇంటివద్ద వసతి లేక, యూనిట్‌కు 20 రూపాయలు తీసుకొనే బయటి కేంద్రంలో చార్జింగు చేయించుకొంటే ఖర్చు 4,800 రూపాయలకు పెరుగుతుంది. అప్పుడు మిగులు కంతుకు చాలదు. నెలనెలా 2,260 రూపాయలు చేతినుండి పెట్టుకోవలసి వస్తుంది. కారు అదే, ఊరు అదే, డ్రైవరు అదే. తిరిగే దూరమూ చార్జింగు చేసుకొనే చోటూ మారగానే లాభం నష్టంగా మారింది.

సి.ఎన్.జి. కారుతో పోల్చినప్పుడు ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. కిలోకు 25 కిలోమీటర్లు నడిచే కారుకు, కిలో 90 రూపాయల చొప్పున, 3,900 కిలోమీటర్లకు 14,040 రూపాయలు అవుతుంది. దాని ధర పెట్రోలు కారు కంటె లక్ష రూపాయలు ఎక్కువనుకొంటే విద్యుత్తు కారుకూ దానికీ భేదం 3 లక్షలు; ఆ అప్పుపై కంతు సుమారు 6,700 రూపాయలు. ఇంటివద్ద చార్జింగు చేసుకొనే వానికి సి.ఎన్.జి. మీద కూడా నెలకు మూడువేల రూపాయల పైచిలుకు లాభం ఉన్నది. బయట చార్జింగు చేయించుకొనే వానికి మాత్రం నాలుగువేల ఆరువందల రూపాయలకు పైగా నష్టం. ఈ ధరలు నేడు ఒకలా రేపు ఒకలా ఉండవచ్చు. లెక్క చెప్పే నీతి మాత్రం మారదు. విద్యుత్తు కారు లాభసాటి కావాలంటే అది ఎక్కువగా తిరగాలి, ఇంటివద్ద నిద్రపోవాలి.

ఇంటివద్ద నిద్రపోవడమే చాలామంది డ్రైవర్లకు సాధ్యం కాని పని. తిరుపతిలో కొర్లగుంట, జీవకోన వంటి పేటలలో సందులు ఇరుకు. ఒకే మెట్లదారిన మూడు నాలుగు కుటుంబాలు అద్దెకు కాపురముండే ఇళ్లు అనేకం. రాత్రి కారును వీధి చివర ఎక్కడో నిలిపి ఇంటికి నడిచివచ్చే డ్రైవరు అక్కడికి తీగ ఎలా లాగగలడు? ఇంటి యజమాని మీటరునుండి విద్యుత్తు తీసుకొందామంటే, గృహావసరాల విద్యుత్తుకు వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర మెట్టు మెట్టుగా పెరుగుతుంది. నెలకు 600 యూనిట్లు అదనంగా వాడితే ఆ యూనిట్లు చాలావరకు పై మెట్టు ధరకే పడతాయి. వాహనాల చార్జింగుకు రాష్ట్రంలో ప్రత్యేక ధర ఉన్నా, దానికి వేరే మీటరు కావాలి. అద్దెకుండే వాడు యజమాని అంగీకారం లేకుండా గోడకు మేకు కూడా కొట్టలేడు. ఈ విధంగా సొంత వాకిలి ఉన్న వానికి విద్యుత్తు చౌకగాను, వాకిలి లేని వానికి ప్రియంగాను దొరుకుతున్నది. ఎవరికి ఆదా అత్యవసరమో వారికే ఆదా అందకపోవడం ఈ వ్యవహారంలోని పెద్ద అన్యాయం.

బ్యాటరీ విషయంలో మరొక చిక్కు ఉన్నది. విద్యుత్తు కారు ధరలో పెద్ద భాగం బ్యాటరీదే. దానికి తయారీదారులు సాధారణంగా 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు, హామీ ఇస్తారు. సొంతానికి వాడుకొనే ఉద్యోగికి ఎనిమిదేళ్లే ముందు వస్తాయి. నెలకు 3,900 కిలోమీటర్లు తిరిగే బాడుగ కారు మూడున్నర ఏళ్లు నిండక ముందే ఆ దూరాన్ని దాటిపోతుంది. అప్పు గడువు అయిదేళ్లు. హామీ తీరిపోయిన తరువాత కూడా ఏడాదిన్నరకు పైగా కంతులు కట్టవలసి ఉంటుంది. హామీ తీరినంతమాత్రాన బ్యాటరీ పాడవుతుందని అర్థం కాదు. కాని ఆ ఏడాదిన్నరలో అది పాడైతే భారమంతా డ్రైవరు నెత్తిమీదనే పడుతుంది. రాయలసీమ వేసవి ఎండలు, రోజూ చేసే వేగవంతమైన చార్జింగు బ్యాటరీ ఆయుష్షును తగ్గించే అంశాలే.

కాలం కూడా డ్రైవరుకు సొమ్మే. యాత్రికులు తరచుగా కోరే బాడుగ ఒకటున్నది. ఉదయం తిరుపతిలో బయలుదేరి, కాణిపాకం వరసిద్ధి వినాయకుని దర్శించి, చిత్తూరు మీదుగా వేలూరు వద్ద శ్రీపురం స్వర్ణదేవాలయం చూచి, రాత్రికి తిరిగి తిరుపతి చేరడం. ఈ ప్రయాణం సుమారు 230 కిలోమీటర్లు. బాడుగల కోసమే 2021లో మార్కెట్టులోకి వచ్చిన ఒక విద్యుత్తు కారుకు ధ్రువీకరించిన దూరం 213 కిలోమీటర్లు. చల్లని యంత్రం నడుస్తూ, నలుగురు మనుషులు సామానుతో ఎక్కినప్పుడు అది ఇంకా తగ్గుతుంది. నడుమ ఒక చోట ఆగక తప్పదు. అక్కడ చార్జింగు యంత్రం పనిచేయకపోయినా, తనకంటె ముందు రెండు కార్లు ఉన్నా ఆ రోజు సంపాదన మునిగినట్లే. బ్రహ్మోత్సవాల వేళ ఒక గంట ఆలస్యమంటే ఒక గిరాకీ పోవడమే.

ఈ కష్టాలు ఊహించి చెప్పినవి కావు. 2017 మే నెలలో నాగపూరులో ఓలా సంస్థ 200 విద్యుత్తు వాహనాలతో దేశంలో మొదటిసారిగా ఇటువంటి ప్రయోగం ప్రారంభించింది. చార్జింగు కేంద్రాల వద్ద గంటల తరబడి నిరీక్షణ, పెరిగిన ఖర్చు భరించలేక పలువురు డ్రైవర్లు తిరిగి డీజిలు కార్లే మేలనుకొన్నట్లు మరుసటి ఏడాదికే వార్తలు వెలువడ్డాయి. వేరొక మార్గాన్ని బ్లూస్మార్ట్ అనే సంస్థ ఢిల్లీలోను, బెంగళూరులోను అనుసరించింది. అందులో కారు డ్రైవరుది కాదు. చార్జింగు భారమూ అతనిది కాదు. ఆ పద్ధతి చాలామందికి నచ్చింది. కాని 2025 ఏప్రిల్‌లో, దానితో సంబంధమున్న జెన్‌సోల్ సంస్థ నిధుల వ్యవహారంపై సెబీ ఆదేశాలు వెలువడగానే, ఆ సేవలు నిలిచిపోయాయి. వేలాది డ్రైవర్ల ఉపాధి ఒక్క వారంలో గాలిలో కలిసింది. మొదటి ప్రయోగంలో భారమంతా డ్రైవరుపై పడింది. రెండవ ప్రయోగంలో భారం లేకపోయినా భద్రత లేకపోయింది.

తిరుమల కొండ ఎక్కే విద్యుత్తు బస్సులో ఈ రెండు కష్టాలూ కనిపించవు. అక్కడ బస్సును సమకూర్చి నిర్వహించే బాధ్యత ఒక సంస్థది. ఆర్.టి.సి. కిలోమీటరుకు ఇంతని ఆ సంస్థకు చెల్లిస్తుంది. ఒప్పందం సంవత్సరాల తరబడి ఉంటుంది. బ్యాటరీ పాడైతే స్టీరింగు పట్టుకొన్న వాని ఇంటిపత్రాలు తాకట్టుకు పోవు. ఒకే కొండదారిలో, ఒకే విధమైన మోటారుతో నడిచే బస్సుకూ బాడుగ కారుకూ గల భేదం యంత్రంలో లేదు. నష్టభయాన్ని ఎవరు మోస్తున్నారన్న దానిలో ఉన్నది.

బ్యాటరీల ధరలు పడిపోతున్నాయి గదా, కాలమే అన్నిటినీ పరిష్కరిస్తుంది గదా అని కొందరు వాదిస్తారు. ఈ వాదంలో బలం లేకపోలేదు. 2010లో ఒక యూనిట్ నిల్వ సామర్థ్యానికి ప్రపంచ విపణిలో వెయ్యి డాలర్లకు పైగా ధర ఉండగా 2024 నాటికి అది 115 డాలర్ల ప్రాంతానికి దిగింది. కాని ధర తగ్గుతున్న వస్తువును ముందుగా కొన్న వాడు నష్టపోతాడు. రేపు కొత్త కారు చౌకగా వస్తే నేటి పాత కారుకు కొనుగోలుదారు దొరకడు. కాబట్టి వేచిచూచే డ్రైవరును పిరికివాడని గాని, పర్యావరణంపై శ్రద్ధ లేనివాడని గాని నిందించడం తగదు. అతడు తన ఇంటి లెక్కను సరిగా వేసుకొంటున్నాడు.

కొన్ని ప్రభుత్వాలు గడువులు విధించడం ప్రారంభించాయి. 2023లో ప్రకటించిన ఢిల్లీ పథకం ప్రకారం 2030 ఏప్రిల్ నాటికి యాప్ సంస్థల వాహనాలన్నీ విద్యుత్తువే కావాలి. గడువు సంస్థకు విధించినదే అయినా, కారు కొనవలసి వచ్చేది చాలా సందర్భాలలో డ్రైవరే. ఆజ్ఞ ఒకరికి, అప్పు మరొకరికి కావడం ధర్మం కాదు. డ్రైవరు సొంత కారుతో నడిపినప్పుడు బాడుగలో కనీసం 80 శాతం అతనికి చెందాలని 2020లోను, 2025లోను కేంద్రం మార్గదర్శకాలు జారీచేసింది. విద్యుత్తు కారు నడిపే వానికి ఆ వాటాను మరికొంత పెంచితే సంస్థలు కూడా భారంలో పాలుపంచుకొన్నట్లవుతుంది.

ఈ ప్రాంతానికి తగిన పరిష్కారం ఈ ప్రాంతపు జీవనంలోనే ఉన్నది. యాత్రికులు దర్శనానికి వెళ్లినప్పుడు డ్రైవరు గంటో రెండు గంటలో ఊరకే కూర్చొంటాడు. కాణిపాకంలో, శ్రీకాళహస్తిలో, తిరుచానూరులో, తిరుమలపైన వాహనాలు నిలిపే స్థలాలలో సరసమైన ధరకు చార్జింగు వసతి విరివిగా కల్పిస్తే, భక్తులు దేవుని దర్శించి వచ్చేలోగా కారు కడుపు నిండుతుంది. వృథా అయ్యే కాలమే ఇంధనమవుతుంది. ఇరుకైన పేటలలో మునిసిపల్ స్థలాలను గుర్తించి రాత్రివేళ కార్లు నిలిపి, మీటరు ధరకే చార్జింగు చేసుకొనే ఏర్పాటు చేయవచ్చు. బాడుగ కార్లకు బ్యాటరీ హామీని కిలోమీటర్లలో పెంచడం గాని, అప్పు గడువుకు సమానం చేయడం గాని బ్యాంకులు, తయారీదారులు కలిసి ఆలోచించవలసిన విషయం. ఇవి జరిగిన నాడు డ్రైవరును ఎవరూ బతిమాలవలసిన అవసరం ఉండదు. లాభమున్న చోటికి అతడే వస్తాడు.

అంతవరకు జవాబు అందరికీ ఒకటి కాదు. సొంత వాకిలి ఉండి, రోజుకు నూరు నూటయాభై కిలోమీటర్లు తిరుపతి, రేణిగుంట విమానాశ్రయం, తిరుమల, శ్రీకాళహస్తి నడుమ తిరిగే డ్రైవరుకు విద్యుత్తు కారు నేడే మేలైన పెట్టుబడి. అద్దె ఇంటిలో ఉంటూ, దూరపు బాడుగలపై ఆధారపడి, బయటి చార్జింగునే నమ్ముకోవలసిన వానికి అది ఇంకా అప్పుల ఊబియే. వీరిద్దరికీ ఒకే సలహా ఇచ్చేవారు వాహనాన్ని చూచినంతగా మనిషిని చూడడం లేదు.

కళాశాలలో చదివే విద్యార్థులలో బాడుగ కారు సంపాదనతో ఫీజు కట్టించుకొంటున్న వారు ఈ జిల్లాలలో తక్కువేమీ కాదు. తండ్రి కొత్త కారు కొనాలని తలపోసినప్పుడు, ప్రకటనలోని దూరాన్ని గాక రోజూ తిరిగే దూరాన్ని, కారు ధరను గాక కంతు గడువును, చార్జింగు కేంద్రాల సంఖ్యను గాక సొంత వీధిలోని వసతిని కాగితంపై పెట్టి లెక్క వేసి చూపడం చదువుకొన్న బిడ్డ చేయగల సాయం. భౌతికశాస్త్రమూ వడ్డీ లెక్కా పరీక్షకు మాత్రమే నేర్చుకొనేవి కావు. గాలి శుభ్రపడాలి; దానికి మూల్యం నిద్ర మాని కారు నడిపే వాడొక్కడే చెల్లించకూడదు.